ఆలిస్ గీ: బిరుదు కింద కనపడకుండా పోయిన పని

2024 ప్యారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో సెన్ నది ఒడ్డున పదిమంది ఫ్రెంచి మహిళల బంగారు రంగు విగ్రహాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. రచయిత్రి సిమోన్ ద బువార్, రాజకీయ నాయకురాలు సిమోన్ వేయ్ లాంటివాళ్ల మధ్య ఆలిస్ గీ కూడా ఉంది. ఆమె గురించి ఎక్కడ చదివినా మొదటి వాక్యం ఒకటే: ప్రపంచంలో మొదటి మహిళా సినిమా దర్శకురాలు. చాలాచోట్ల చివరి వాక్యం కూడా అదే. ఆ మాట తప్పేమీ కాదు. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోవడం వల్ల ఆమె నిజంగా ఏం చేసిందన్న సంగతి పక్కకు పోయింది. రెండు దేశాల్లో పాతికేళ్ల పాటు సినిమాలు తీసి, తీయించి, స్టూడియో కట్టి, చివరికి దాన్ని పోగొట్టుకున్న మనిషి కెరీర్ ఇది. అందులో ‘మొదటి’ అనేది అన్నిటికన్నా చిన్న విషయం.

ఆలిస్ 1873 జులై 1న ప్యారిస్ పక్కనే ఉన్న సాన్‌మాన్దేలో పుట్టింది. తండ్రికి దక్షిణ అమెరికాలోని చిలీలో పుస్తకాల వ్యాపారం. బిడ్డ మాత్రం ఫ్రాన్స్‌లోనే పుట్టాలని తల్లి అంత దూరం నుంచి ఓడెక్కి వచ్చింది. ఆలిస్ బాల్యం కొంత స్విట్జర్లాండ్‌లో అమ్మమ్మ దగ్గర, కొంత చిలీలో, ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని కాన్వెంట్ స్కూళ్లలో గడిచింది. వ్యాపారం దివాలా తీసింది, 1891లో తండ్రి పోయాడు. ఇల్లు గడవాలంటే ఏదో ఒక ఉద్యోగం చూసుకోవాలి. అప్పటికి కొత్త విద్యలైన టైపింగ్, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని 1894లో ప్యారిస్‌లో ఒక ఫొటో పరికరాల కంపెనీలో సెక్రెటరీగా చేరింది. మరుసటి ఏడాది ఆ కంపెనీని మేనేజరు లియోన్ గోమో కొన్నాడు. పెట్టుబడి పెట్టినవాళ్లలో ఐఫిల్ టవర్ కట్టిన గుస్తావ్ ఐఫిల్ ఒకడు.

1895 మార్చి 22న ప్యారిస్‌లో లూమియేర్ సోదరులు, కదిలే బొమ్మలు తీసి తెరమీద చూపించే తమ యంత్రంతో ఒక చిన్న ప్రదర్శన ఇచ్చారు. సినిమా చరిత్ర పుస్తకాలన్నీ చెప్పే డిసెంబర్ 28 నాటి టికెట్ ప్రదర్శనకు ఇది తొమ్మిది నెలల ముందు మాట. ఆహ్వానితుల్లో గోమో, అతని సెక్రెటరీ ఉన్నారు. ఫ్యాక్టరీ నుంచి కార్మికులు బయటికి వస్తున్న బొమ్మ తెరమీద కదిలింది. గోమో అందులో యంత్రాన్ని చూశాడు. అతను ఇంజినీరింగ్ బుర్ర ఉన్న వ్యాపారి. కెమెరాలు, ప్రొజెక్టర్లు అమ్ముకోవడం అతని పని. బొమ్మలనేవి ఆ సరుకు ఎలా పనిచేస్తుందో చూపించే శాంపిల్స్ మాత్రమే. రైళ్లు, కవాతులు, వీధులు తప్ప వాటిలో ఏమీ ఉండేవి కావు. ఏదైనా కథ తీస్తే జనం ఇంకా ఇష్టపడతారు కదా అని ఆలిస్ అడిగింది. ఆఫీసు పనికి అడ్డం రానంతవరకు తీసుకోమన్నాడు గోమో.

ఇక్కడొకటి గమనించాలి. ఆమెకు అవకాశం దొరికింది ఆ యజమాని విశాల హృదయం వల్లే అనుకోనక్కర్లేదు. ఆ పనికి అప్పటికి విలువ లేదు. డబ్బు, పేరు వచ్చే పని అయితే ఇరవై ఏళ్లు దాటిన సెక్రెటరీ చేతికి ఇచ్చి ఉండేవాళ్లా అన్నది అనుమానమే. కొత్త రంగం ఎవరికీ పట్టనప్పుడు ఆడవాళ్లకు తలుపు తెరుచుకోవడం, అది లాభాల్లోకి రాగానే ఆ తలుపు మెల్లగా మూసుకోవడం సినిమాకు మాత్రమే పరిమితమైన కథ కాదు. ఆమె విషయంలో రెండు దశలూ కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి.

ఆమె తీసిన మొదటి కథాచిత్రం ‘లా ఫే ఓ షు’, అంటే క్యాబేజీ దేవకన్య. ఫ్రాన్స్‌లో పసిపిల్లలు ఎక్కడి నుంచి వస్తారని అడిగితే పెద్దవాళ్లు క్యాబేజీలో దొరుకుతారని చెబుతారు. ఒక దేవకన్య క్యాబేజీల మధ్య తిరుగుతూ పిల్లల్ని ఏరి చూపిస్తుంది. అంతే సినిమా. దాన్ని 1896లో తీశానని ఆలిస్ రాసుకుంది. ఇప్పుడు మనకు దొరుకుతున్న నిమిషం నిడివి బొమ్మ మాత్రం 1900 నాటిది. ఇదే ముందు తీసినదానికి రీమేకా, లేక ఆమెకే సంవత్సరం గుర్తు తప్పిందా అని పరిశోధకులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. 1896 అయితే ఆమె మహిళల్లోనే కాదు, మొత్తంగా కథ చెప్పిన తొలి దర్శకుల్లో ముందు వరసలోకి వస్తుంది. తొలి కథాచిత్రాలకు పేరుపడ్డ మరో ఫ్రెంచి దర్శకుడు మెలియెస్‌కన్నా ముందా వెనకా అన్న పంచాయితీ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. నిజం చెప్పాలంటే ఆ నిమిషం బొమ్మలో సినిమాగా పెద్ద సరుకు లేదు. ఒకే షాటు, చెక్కతో చేసిన క్యాబేజీలు, నాటకంలోలా కెమెరాకు దణ్ణాలు. ఆమె స్థానాన్ని దాని తేదీమీద ఆధారపెట్టి వాదించేవాళ్లు ఆమెకు మేలు చేస్తున్నారో కీడు చేస్తున్నారో తెలియదు.

అసలు పని ఆ తర్వాతే. 1907 వరకు గోమో కంపెనీలో కథాచిత్రాల బాధ్యత మొత్తం ఆమెదే. కథలు ఎంచడం, నటుల్ని కుదుర్చుకోవడం, సెట్లు వేయించడం, ఖర్చు చూడడం, కొత్తవాళ్లకు పని నేర్పడం అన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి. 1905లో ప్యారిస్‌లోని బ్యుట్ షోమో దగ్గర గోమో పెద్ద గాజు స్టూడియో కట్టించాడు. అప్పటికి ప్రపంచంలోని పెద్ద స్టూడియోల్లో అదొకటి. దాన్ని నడిపింది ఆలిస్. సెట్ల డిజైనర్ ఆన్రి మెనెసియే, సహాయకుడు విక్టొరాఁ జాసె, స్క్రిప్టులు పట్టుకుని వచ్చిన లూయీ ఫుయాద్ ఆమె దగ్గర పనిచేసినవాళ్లే. తర్వాతి కాలంలో ‘ఫాంతోమాస్’, ‘లే వాంపీర్’ లాంటి సీరియల్స్‌తో ఫ్రెంచి సినిమాలో పెద్ద పేరైన ఆ ఫుయాద్‌ని తన కుర్చీలో కూర్చోబెట్టమని 1907లో వెళ్తూ వెళ్తూ సిఫార్సు చేసింది కూడా ఆమే.

ఆ రోజుల్లో ఆమె ఏ స్థాయిలో ఆలోచిస్తోందో చూడాలంటే 1906 నాటి ‘మదామ్ ఆ దెజాన్వీ’ చాలు. నాలుగు నిమిషాల కామెడీ. ఒక నిండు చూలాలు వీధిలో నడుస్తుంటుంది, వెనక మొగుడు పసిబిడ్డ బండి తోసుకుంటూ వస్తుంటాడు. ఆమెకు వేవిళ్ల కోరికలు. చిన్నపిల్ల చేతిలో పుల్ల మిఠాయి లాక్కుంటుంది. కేఫ్‌లో ఒకడి గ్లాసులోని మందు తాగేస్తుంది. బిచ్చగాడి చేప, ఇంకొకడి పొగాకు పైపు కూడా వదలదు. ప్రతిసారీ మొగుడు వెనక నుంచి వచ్చి అందరికీ సర్దిచెబుతుంటాడు. ఇందులో విశేషం కథ కాదు, కెమెరా. దొంగతనం వీధిలో దూరం నుంచి కనిపిస్తుంది. ఆమె దాన్ని ఆస్వాదించే క్షణం రాగానే కెమెరా దగ్గరికొస్తుంది. వెనక వీధి ఉండదు, ఖాళీ నేపథ్యం. తెర నిండా ఆమె మొహం, చప్పరింపు, కళ్లలో తృప్తి. పాత్ర మనసులో ఏముందో చెప్పడానికి క్లోజప్ వాడడమన్నమాట. ఆ పద్ధతికి అమెరికాలో గ్రిఫిత్ పేరు వినిపించడానికి ఇంకా రెండేళ్లుంది, అప్పటికి అతను దర్శకుడే కాలేదు. చివరికి ఆ బిడ్డ పుట్టేది కూడా క్యాబేజీ మడిలోనే.

అదే ఏడాది తీసిన ‘లే రెజుల్తా ద్యు ఫెమినిజ్మ్’, అంటే స్త్రీవాదం ఫలితాలు, మీద ఇప్పటికీ గొడవే. అందులో ఆడామగా పాత్రలు తారుమారవుతాయి. మగవాళ్లు కుట్టుపని, ఇస్త్రీ, పిల్లల పెంపకం చేస్తుంటారు. ఆడవాళ్లు కేఫ్‌లో కూర్చుని సిగరెట్లు కాలుస్తూ, దారిన పోయే మగవాళ్ల వెంటపడుతుంటారు. ఆఖర్లో మగవాళ్లు తిరగబడి కేఫ్‌ని మళ్లీ ఆక్రమించుకుంటారు. పైకి చూస్తే స్త్రీవాదాన్ని వెక్కిరించినట్టే ఉంటుంది. కానీ వెంటపడే సీను చూస్తున్నంతసేపూ మగ ప్రేక్షకుడికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. రోజూ వీధిలో జరిగేదే, పాత్రలు మారేసరికి మోటుగా కనిపిస్తుంది. వెక్కిరింపు ఎవరి మీద పడుతోందన్నది చూసేవాళ్ల మీద ఆధారపడేలా తీయడం అంత సులువైన పని కాదు.

1906లోనే వచ్చిన ‘లా వీ ద్యు క్రిస్ట్’ ఆమె ఫ్రాన్స్‌లో తీసినవాటిలో అన్నిటికన్నా ఖరీదైనది. క్రీస్తు జీవితాన్ని 25 ఘట్టాలుగా చెప్పే అరగంట పైచిలుకు సినిమా. నిమిషాల బొమ్మలే రాజ్యమేలుతున్న కాలంలో అది పెద్ద సాహసం. దాదాపు 300 మంది ఎక్స్‌ట్రాలు. ఫ్రెంచి చిత్రకారుడు జేమ్స్ తిస్సో గీసిన బైబిల్ చిత్రాలను ముందు పెట్టుకుని సెట్లు వేయించింది. ‘పాతే’ అనే పోటీ కంపెనీ కూడా ఇదే కథను తీసి అమ్ముతుండేది. ఆలిస్ సినిమాలో తేడా ఎక్కడంటే జనసమూహంలో. శిలువ మోసుకెళ్లే దారిలో, సమాధి దగ్గర, ఆడవాళ్లు ఊరికే నేపథ్యంలో నిలబడరు. వాళ్ల చూపుల వెంటే మన చూపూ కదులుతుంది.

ఇక ఆమె చేసిన మరో పని తెలుగు వాళ్లకు దగ్గరిది. మూకీల కాలంలోనే గోమో ‘క్రోనోఫోన్’ అనే యంత్రం తయారుచేశాడు. గ్రామఫోన్ రికార్డుకూ ప్రొజెక్టరుకూ లంకె వేసి బొమ్మా పాటా ఒకేసారి నడిపించే ఏర్పాటు. దానికోసం తీసిన చిన్న పాట సినిమాలను ఫొనోసీన్లు అనేవాళ్లు. ఆలిస్ అలాంటివి వందకు పైగా తీసింది. అప్పట్లో రికార్డింగుకు వాడే బూరాలకు దూరం నుంచి గొంతు పట్టే శక్తి లేదు. అందుకని ముందు గాయకుడి పాట రికార్డు చేసి, తర్వాత స్టూడియోలో ఆ రికార్డు వేసి, దానికి పెదాలు కదుపుతూ నటించమని కెమెరా తిప్పేవాళ్లు. మన సినిమాల్లో 1940ల నుంచి పాతుకుపోయిన ప్లేబ్యాక్ పాట షూటింగ్ సరిగ్గా ఇదే. 1905లో ఆమె ఫొనోసీన్ తీస్తుండగా ఎవరో పక్క నుంచి తీసిన చిన్న ఫిల్మ్ ఇప్పటికీ ఉంది. మెరిసిపోతున్న లైట్లు, పెద్ద గ్రామఫోన్ బూరాలు, వరసగా నిలబడ్డ డాన్సర్లు, వాళ్ల మధ్య పొడుగు గౌనులో అటూ ఇటూ తిరుగుతూ అందరికీ పనులు పురమాయిస్తున్న ఆలిస్. మేకింగ్ వీడియోల వంశవృక్షంలో అది చాలా పైకొమ్మ.

ఆ యంత్రానికే గాలి ఒత్తిడితో గొంతు పెంచే ఏర్పాటు చేర్చి, పెద్ద హాళ్లకు సరిపోయేలా తయారుచేసిన రకం పేరు క్రోనోమెగాఫోన్. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతున్న మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో ఆస్తి తాకట్టు పెట్టి మరీ తెప్పించుకున్నది ఈ యంత్రాన్నే. దాంతో మద్రాసులో ప్రదర్శనలు ఇచ్చి, దేశమంతా తిరిగి, బర్మా, సిలోన్ కూడా వెళ్లొచ్చారు. తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు, ఆయన్ని తెలుగు సినిమా పితామహుడని పిలుచుకుంటున్నాం. అంటే తెలుగువాడి చేతుల మీదుగా దక్షిణాది జనం ముందుకొచ్చిన తొలి సినిమా యంత్రాల్లో ఒకటి, అంతకు కొన్నేళ్ల ముందు ఆలిస్ గీ ఏ సరుకు తయారుచేసిపెట్టిందో ఆ సరుకు కోసమే పుట్టిన యంత్రం. మన సినిమా చరిత్ర వ్యాసాల్లో క్రోనోమెగాఫోన్ పేరు తప్పకుండా వస్తుంది, ఆమె పేరు రాదు.

ఈ యంత్రమే ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. 1907లో గోమో కంపెనీలోనే పనిచేసే హెర్బర్ట్ బ్లాషేని పెళ్లి చేసుకుంది. అమెరికాలో క్రోనోఫోన్ వ్యాపారం చూడమని గోమో అతన్ని పంపాడు. భర్త వెంట వెళ్లడానికి ఆమె ఉద్యోగం వదిలేసింది. అక్కడ ఆ వ్యాపారం నడవలేదు. కూతురు సిమోన్ పుట్టింది. న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గోమో కట్టించిన స్టూడియో సగం రోజులు ఖాళీగా పడి ఉండేది. దాన్ని చూసి ఊరుకోలేక 1910లో ఆలిస్ సొంత కంపెనీ పెట్టింది. పేరు సోలాక్స్. రెండేళ్లు తిరిగేసరికి న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో లక్ష డాలర్లకు పైగా ఖర్చుతో సొంత స్టూడియో కట్టింది. హాలీవుడ్ ఇంకా ఊపందుకోని రోజులవి, అమెరికా సినిమాకు ఫోర్ట్ లీయే కేంద్రం. స్టూడియో గోడమీద పెద్ద అక్షరాలతో ‘బీ నేచురల్’ అని బోర్డు పెట్టించింది. చేతులు ఊపుతూ అతిగా నటించే స్టేజి అలవాటు వదలమని నటులకు రోజూ చెప్పే బదులు ఆ బోర్డు పని చేసేది.

సోలాక్స్ బొమ్మలన్నీ గొప్పవని చెప్పలేం. వారం వారం థియేటర్లకు సరుకు అందించాల్సిన ఫ్యాక్టరీ అది. కొన్ని మాత్రం ఈరోజు చూసినా నిలబడతాయి. ‘ఫాలింగ్ లీవ్స్’ (1912)లో చివరి ఆకు రాలేసరికి అక్క చచ్చిపోతుందని డాక్టరు అన్న మాట విన్న చిన్నపిల్ల, రాత్రి తోటలోకి వెళ్లి రాలిన ఆకుల్ని దారంతో చెట్టుకు కట్టేస్తుంది. సెంటిమెంటే, కానీ పిల్లను నటించనివ్వకుండా పని చేయించారు. ‘ఎ ఫూల్ అండ్ హిజ్ మనీ’ (1912) నటులంతా ఆఫ్రికన్ అమెరికన్లే. తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ల పాత్రలు వేసే రోజుల్లో అది చిన్న విషయం కాదు. అలాగని దాన్ని ఆకాశానికెత్తనూ అక్కర్లేదు. డబ్బు చేతికొస్తే ఎగిరిపడే నల్లవాడనే అప్పటి మూస హాస్యం అందులో నిండా ఉంది. 1914లో ఒక సినిమా పత్రికకు రాసిన వ్యాసంలో, సినిమా తీయడంలో మగవాడు చేయగలిగి ఆడది చేయలేని పని ఒక్కటీ లేదని ఆమె తేల్చి చెప్పింది.

రాసినంత తేలిక కాలేదు నడిచిన దారి. పంపిణీదారుల మీటింగులకు ఆమెను రావద్దన్నాడు భర్త. ఆడమనిషి ఎదురుగా ఉంటే వాళ్లు చుట్ట కాల్చుకుంటూ ఉమ్మేసుకుంటూ హాయిగా మాట్లాడుకోలేరట. కంపెనీ ఆమెది, బేరాలు మాట్లాడేది మాత్రం ఇంకొకరు. 1913లో గోమో కంపెనీతో హెర్బర్ట్ కాంట్రాక్టు ముగిశాక, కథలూ షూటింగులూ తను చూసుకోవచ్చని సోలాక్స్ ప్రెసిడెంట్ పదవి అతనికే అప్పగించింది. మూడు నెలలకే అతను రాజీనామా చేసి అదే స్టూడియోలో తన పేరుతో వేరే కంపెనీ పెట్టాడు. సోలాక్స్ క్రమంగా దాని నీడలో కలిసిపోయింది.

నేరమంతా భర్త మీద తోసేస్తే కథ సులువవుతుంది, కానీ నిజం అంతకన్నా పెద్దది. 1914 తర్వాత అమెరికా సినిమా ఒక రీలు నుంచి ఐదు రీళ్లకు మారిపోయింది. చిన్న బొమ్మలు వారానికిన్ని చొప్పున అమ్ముకునే కంపెనీలన్నీ దెబ్బతిన్నాయి. పెద్ద సినిమాకు పెద్ద పెట్టుబడి, స్టార్లు, దేశవ్యాప్తంగా సొంత పంపిణీ కావాలి. అవి ఉన్నవాళ్లు కాలిఫోర్నియాకు తరలిపోతున్నారు. యుద్ధకాలంలో బొగ్గు కొరత, ఆ వెంటనే ఫ్లూ ఫోర్ట్ లీని చావుదెబ్బ తీశాయి. ఆలిస్ ఇతర కంపెనీలకు జీతానికి దర్శకత్వం చేసింది. 1918లో హెర్బర్ట్ ఇంటిని వదిలి హాలీవుడ్ వెళ్లిపోయాడు. 1920లో విడుదలైన ‘టార్నిష్డ్ రెప్యుటేషన్స్’ ఆమె చివరి సినిమా. స్టూడియో అప్పుల్లో పోయింది. 1922లో విడాకులతో, ఇద్దరు పిల్లలతో ఫ్రాన్స్ తిరిగొచ్చింది. అక్కడ ఎవరూ పని ఇవ్వలేదు. యాభైకి దగ్గర పడుతున్న ఆమె మళ్లీ కెమెరా వెనక నిలబడలేదు.

ఇంత పని చేసిన మనిషి పేరు అంత తొందరగా ఎలా చెరిగిపోయింది? ఆడది కాబట్టి అన్నది సగం జవాబు. మిగతా సగం అప్పటి లెక్కల పద్ధతిలో ఉంది. 1907కు ముందు సినిమాల్లో టైటిల్స్‌లో దర్శకుడి పేరు వేసేవాళ్లే కాదు. బొమ్మను మీటర్ల లెక్కన గుడ్డలా అమ్మేవాళ్లు. కేటలాగులో ఒక నంబరు, పేరు, కంపెనీ గుర్తు ఉండేవి. ఇతరులు కాపీ కొట్టకుండా ఆ గుర్తునే సెట్లో ఏ గోడకో తగిలించేవాళ్లు. కాబట్టి ఎవరు తీశారన్నది ఆఫీసులో ఉన్నవాళ్ల జ్ఞాపకం మీదే ఆధారపడింది. 1907 తర్వాత ఆఫీసులో ఉన్నది ఆమె కాదు. 1930లో గోమో కంపెనీ తన చరిత్ర అచ్చువేసినప్పుడు 1907కు ముందు తీసిన కథాచిత్రాల ఊసే లేదు. ఆమె ఉత్తరం రాస్తే సరిచేస్తానన్నాడు గోమో. 1946లో అతను పోయేదాకా అది జరగలేదు. పేరున్న చరిత్రకారుడు జార్జ్ సదూల్ ‘లా వీ ద్యు క్రిస్ట్’ని ఆమె సహాయకుడు జాసె ఖాతాలో వేశాడు. 1927లోనే ఆమె తన సినిమాలు వెతుక్కుంటూ అమెరికా వెళ్లింది, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఒక్కటీ దొరకలేదు. చేతిలో ప్రింటు లేకుండా ఇది నాది అని నిరూపించడం ఎలా?

తనకు గుర్తున్నంతలో సినిమాల జాబితాలు రాసి చరిత్రకారులకు పంపుతూ ఉండిపోయింది. 1950లలో గోమో కొడుకు లూయీ ఆమె గురించి బహిరంగంగా మాట్లాడాడు, ఫ్రెంచి ప్రభుత్వం తన అత్యున్నత పురస్కారం లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. ఆత్మకథకు మాత్రం ఆమె బతికుండగా ప్రచురణకర్త దొరకలేదు. 1968 మార్చి 24న, 94 ఏళ్ల వయసులో న్యూజెర్సీలో చనిపోయింది. పుస్తకం 1976లో వచ్చింది.

ఇప్పుడు గాలి అటు తిరిగింది. ఆమె వెయ్యి సినిమాలు తీసిందని తరచూ రాస్తుంటారు. ప్రస్తుతం చూడదగ్గ స్థితిలో ఉన్నవి 150 దాకా. వెయ్యి అన్నప్పుడు ఆమె స్వయంగా తీసినవి, పర్యవేక్షించినవి, కంపెనీ అధిపతిగా తీయించినవి అన్నీ కలిసిపోతాయి. ఒకప్పుడు ఆమెవన్నీ మగవాళ్ల ఖాతాలో పడ్డాయి కదా అని, ఇప్పుడు గోమో, సోలాక్స్ సరుకంతా ఆమె ఖాతాలో వేయడం న్యాయం కాదు, అవసరం కూడా లేదు. దర్శకుడు ఒక్కడే సినిమాకు కర్త అనే లెక్క 1906 నాటి స్టూడియోకు అతకదు. ఆమెను ఒక ప్రొడక్షన్ హెడ్‌గా, నలుగురికి పని నేర్పిన మేస్త్రీగా చూస్తే వందా వెయ్యా అన్న ప్రశ్నకు పెద్ద బరువుండదు.

చూద్దామనుకునేవాళ్లు క్యాబేజీ దేవకన్యతో మొదలుపెట్టకపోవడమే మంచిది. ముందు ‘మదామ్ ఆ దెజాన్వీ’, తర్వాత ‘స్త్రీవాదం ఫలితాలు’, ఆపైన ‘ఫాలింగ్ లీవ్స్’. మూడూ కలిపి అరగంట లోపే. వాటి కాపీరైట్ ఎప్పుడో ముగిసింది కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కొన్ని కాపీల్లో వేగం ఎక్కువై మనుషులు పరుగెడుతున్నట్టు కనిపిస్తారు. అలాంటివి వదిలేసి, సరైన వేగంలో పునరుద్ధరించిన కాపీ చూస్తే నటన ఎంత నెమ్మదిగా, సహజంగా ఉందో తెలుస్తుంది.